ఈఆర్పీ కొనే ముందు ఒక్క ఆర్డరు వెంట నడిచి చూడు

చిరంజీవి మేనల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

నీ ఉత్తరం అందింది. బాలానగర్ షెడ్డులో ఐదు సీఎన్‌సీలు, రెండు వీఎంసీలు (కంప్యూటరుతో నడిచే లోహపు కోత మిషన్లు), నలభై మంది మనుషులు, ఎకౌంట్లు టాలీలో, స్టాకు ఎక్సెల్‌లో, ప్రొడక్షన్ సూపర్‌వైజరు డైరీలో అని రాశావు. ముగ్గురొచ్చి డెమో ఇచ్చి వెళ్ళారు, ఎవరి ఈఆర్పీ (కొనుగోళ్ళు, స్టాకు, ప్రొడక్షను, ఎకౌంట్లు అన్నీ ఒకే చోట నడిపే సాఫ్ట్‌వేరు) తీసుకోమంటావు అని అడిగావు. ఎవరిది అన్నది తరవాత చూద్దాం. అసలు అవసరమా, కాదా అన్నది ముందు నీ షెడ్డులోనే తేల్చుకోవాలి నాయనా.

పోయిన నెల డెలివరీ అయిపోయిన ఆర్డరు ఒకటి తీసుకో. కస్టమరు పీవో (కొనుగోలు ఆర్డరు) దగ్గర మొదలుపెట్టి రాడ్డు కొన్న బిల్లు, గేటు దగ్గర కాటా చీటీ, స్టోర్ పుస్తకం, కటింగ్, సీఎన్‌సీ జాబ్ కార్డు, ప్లేటింగ్‌కి (లోహపు పైపూతకి) పంపిన చలాను, తిరిగొచ్చిన చలాను, ఇన్‌స్పెక్షన్ రిపోర్టు, చివరికి నీ ఇన్వాయిసు దాకా వెళ్ళు. ఒక్కో చోట ఆ సరుకు పేరు ఏమని రాశారో, ఎన్ని అని రాశారో తెల్లకాగితం మీద ఎత్తి రాసుకో. ఒకే కడ్డీ బిల్లులో ‘ఈఎన్8 రౌండ్ 50 ఎంఎం’ (ఈఎన్8 ఒక ఉక్కు రకం) అనీ, స్టోర్లో ‘50 రాడ్డు’ అనీ, కటింగ్ దగ్గర ‘రెండంగుళాల కడ్డీ’ అనీ ఉంటే అక్కడ ఆగు. రెండంగుళాలంటే 50.8 ఎంఎం. 50 కడ్డీ మీటరు 15.4 కిలోలు తూగితే, రెండంగుళాలది 15.9 తూగుతుంది. ఈ పేర్లు ఇలాగే కంప్యూటర్లోకి ఎక్కితే మూడు వేరువేరు ఐటమ్‌లై కూర్చుంటాయి. ఒకదాంట్లో స్టాకు మైనస్ చూపిస్తుంది, ఇంకోదాంట్లో ఎవరికీ అక్కర్లేని నిల్వ కనిపిస్తుంది, కొనేవాడు మైనస్ చూసి మళ్ళీ ఆర్డరు పెడతాడు.

కాగితం మీద సంఖ్యలన్నీ కలిశాయనుకో, ఒకటే లెక్క నాలుగుసార్లు రాయడానికి గుమాస్తాకి పట్టే టైమే నీకు నష్టం. కలవకపోతే ఏది నిజమో తేల్చడానికి ఎంతమందికి ఫోన్ చెయ్యాల్సి వచ్చిందో, ఎన్ని గంటలు పట్టిందో రాసిపెట్టు. తరవాత లెక్కకి అది కావాలి.

రెండోది బీఓఎం, అంటే ఒక ముక్కకి ఎంత ముడిసరుకు పడుతుందన్న లెక్క. సాఫ్ట్‌వేర్లన్నీ ఎక్కువగా తప్పేది ఇక్కడే. తప్పు కూడా వాటిది కాదు, మనం ఇచ్చిన సంఖ్యది. ఫినిష్ పొడవు 80 ఎంఎం ఉన్న పిన్ను తీసుకో. బ్లేడు తినేది 2, రెండు చివర్లూ నున్నగా చెక్కే ఫేసింగ్‌కి మొత్తం 3, అంటే 85 కోయాలి. మూడు మీటర్ల రాడ్డుకి 35 ముక్కలొచ్చి 25 ఎంఎం తుక్కు మిగులుతుంది. ఆ రాడ్డు 46.2 కిలోలు కాబట్టి ముక్కకి 1.32 కిలోలు పడ్డట్టు. డ్రాయింగు చూసి 80తో లెక్క కట్టినవాడు 1.232 అని ఎక్కిస్తాడు. వెయ్యి ముక్కల ఆర్డరుకి సుమారు 88 కిలోలు, అంటే దాదాపు రెండు రాడ్లు తక్కువ కొంటావు. సాఫ్ట్‌వేరు ‘మెటీరియల్ ఉంది’ అని పచ్చలైటు చూపిస్తూనే ఉంటుంది, మిషను మాత్రం ఖాళీగా నిలబడుతుంది. ఎక్కువగా తిరిగే పది ఐటమ్‌లకి ఈ లెక్క చేతితో కట్టి చూడు. నీ దగ్గరున్న సంఖ్యలు ఫినిష్ సైజువా, కటింగ్ సైజువా అన్నది వెంటనే తెలుస్తుంది.

మూడోది స్టాకు. ఆయుధపూజకి ఎటూ షెడ్డంతా కడిగి సర్దుతారు కదా, ఆ రెండు రోజులకి ముందే ఒక యాభై ఐటమ్‌లు ఎంచుకో. ఖరీదైనవి ఇరవై, రోజూ వాడేవి ఇరవై, మూలన పడున్నవి పది. లెక్కపెట్టేవాడికి పుస్తకంలో అంకె చూపించకు. చూపిస్తే ఆ అంకే మళ్ళీ వస్తుంది. పుస్తకానికీ లెక్కకీ నూటికి 95 కలిస్తేనే ప్లానింగ్ చేసే సాఫ్ట్‌వేరు నీకు పనికొస్తుంది, బీఓఎంలు అయితే నూటికి 98 సరిగ్గా ఉండాలి. 70 దగ్గర ఉంటే ఇప్పుడు ఈఆర్పీ కొనకు. ఒక్కో సరుకు దగ్గర వచ్చిందీ పోయిందీ రాసే బిన్ కార్డులు పెట్టు, స్టోరుకి తాళం వేయించు, చీటీ లేకుండా ఏదీ బయటికి పోకుండా చూడు. ఇన్‌సర్టులకీ (మిషనులో మార్చే కోత మొనలు) డ్రిల్లులకీ రెండు డబ్బాల పద్ధతి చాలు: ఒక డబ్బా ఖాళీ అవగానే అదే ఆర్డరు చీటీ, రెండోది వాడుతుండగా సరుకొచ్చేస్తుంది. మూడు నెలల తరవాత మళ్ళీ లెక్కపెట్టు.

జాబ్ వర్కు, అంటే మన సరుకు పంపి బయటివాళ్ళ చేత చేయించే పని, దాని మీద నాకు ఎక్కువ బెంగ. హీట్ ట్రీట్‌మెంటుకి, ప్లేటింగ్‌కి బయటికి పోయిన సరుకు ఈ రోజు ఎవరి దగ్గర ఎంత ఉందో అడుగు. పది నిమిషాల్లో పార్టీవారీగా చెప్పలేకపోతే అది పెద్ద లోటు. జీఎస్టీ చట్టం 143వ సెక్షను ప్రకారం పంపిన ముడిసరుకు ఏడాదిలోగా తిరిగి రావాలి, లేదా అక్కణ్ణించే అమ్ముడైపోవాలి. లేకపోతే పంపిన రోజునే అమ్మేసినట్టు లెక్కగట్టి పన్ను, వడ్డీ అడుగుతారు. జీఎస్టీకి ఇచ్చే ఐటీసీ-04 ఫారం కూడా ఈ చలాన్ల మీదే నడుస్తుంది, టర్నోవరు 5 కోట్లు దాటితే ఆరు నెలలకోసారి, లేకపోతే ఏడాదికోసారి. అయితే దీనికోసమే ఈఆర్పీ కొనక్కర్లేదు. నీ టాలీలోనే మెటీరియల్ అవుట్, మెటీరియల్ ఇన్ వోచర్లున్నాయి, బీఓఎం ఉంది, మాన్యుఫాక్చరింగ్ జర్నల్ ఉంది. మీవాళ్ళు అందులో అమ్మకం, కొనుగోలు, బ్యాంకు తప్ప ఇంకేదీ తెరవడం లేదని నీ ఉత్తరం చూస్తేనే అర్థమవుతోంది. ముందు అవి ఆరు నెలలు వాడించు.

అమ్మేవాళ్ళు పన్నుల పేరు చెప్పి తొందరపెడతారు, దానికి లొంగకు. ఈ-ఇన్వాయిసు టర్నోవరు 5 కోట్లు దాటినవాళ్ళకి 2023 ఆగస్టు 1 నుంచి తప్పనిసరి, నిజమే. కంపెనీగా రిజిస్టరైతే లెక్కల సాఫ్ట్‌వేరులో ఎడిట్ లాగ్ (ఎప్పుడు ఏం మార్చారన్న చిట్టా) ఉండాలని 2023 ఏప్రిల్ 1 నుంచి నిబంధన, అదీ నిజమే. ఈ రెండూ మామూలు ఎకౌంటింగ్ సాఫ్ట్‌వేరే చేసిపెడుతుంది.

మరి ఎప్పుడు కావాలి? ఒకే విడిభాగం రెండు మూడు ఆర్డర్లకి కావలసి వచ్చి, ఎవరి కోసం తీసిపెట్టిందో ఎవరు పట్టుకుపోయారో తెలియనప్పుడు. విడి ముక్కలు కాక పంపులనో వాల్వులనో బిగించి అమ్మడం మొదలుపెట్టి, ఒక్కో దానికి అరవై భాగాలు, అందులో సబ్ అసెంబ్లీలు ఉన్నప్పుడు. చర్లపల్లిలోనో జీడిమెట్లలోనో రెండో షెడ్డు తీసుకున్నప్పుడు. రిజెక్టయిన ఒక ముక్క చూపించి, ఇది ఏ హీట్ నంబరు (ఉక్కు కరిగించిన విడత నంబరు) మెటీరియలు, ఆ లాటులో మిగతావి ఎక్కడికి పోయాయి అని కస్టమరు అడిగితే గంటలో చెప్పాల్సి వచ్చినప్పుడు. ఈ చివరిది వచ్చిందంటే మాత్రం ఆలస్యం చెయ్యకు, ఉక్కు మిల్లు ఇచ్చిన సర్టిఫికెట్లు ఫైల్లో గుచ్చి నెట్టుకురావడం కుదరదు. పదిహేను ఐటమ్‌లు, ఇద్దరు కస్టమర్లు, నువ్వు నిలబడ్డ చోటి నుంచే షెడ్డంతా కనిపిస్తుంటే మాత్రం వద్దు.

ఇక డబ్బు. లాభాలు ఊహించుకోకుండా నష్టాలు లెక్కపెట్టు. మిషను గంట రేటు 500 అనుకుందాం. ఇన్‌సర్టు లేకో మెటీరియల్ రాకో నెలకి 40 గంటలు ఆగితే 20,000. కరెంటు పోయి ఆగిన గంటలు, ఆపరేటరు రాక ఆగిన గంటలు ఇందులో కలపకు, ఏ సాఫ్ట్‌వేరూ వాటిని ఆపలేదు. అర్జంటుగా ఎక్కువ రేటుకి కొన్నది, కదలకుండా పడున్న సరుకు మీద వడ్డీ, రెండుసార్లు కొన్నది, అన్నీ ఏడాదికి కట్టు. ఎదురుగా ఖర్చు రాయి. లైసెన్సు అందులో చిన్న భాగం. ఐటమ్ పేర్లు శుభ్రం చెయ్యడం, స్టాకు ఎక్కించడం, నేర్పించడం, నీ చలాన్ల నమూనాలు కట్టించడం, ఏటా ఏఎంసీ (నిర్వహణ ఒప్పందం), వీటికి లైసెన్సుకి రెట్టింపు పక్కన పెట్టుకోమంటాను. ఈఆర్పీనెక్స్ట్ లాంటి ఓపెన్ సోర్సుది తీసుకుంటే లైసెన్సు ఉండదు కానీ సర్వరూ, కూర్చుని చేసిపెట్టే మనిషీ ఖర్చు అలాగే ఉంటాయి. ఈ మొత్తం రెండేళ్ళలో తిరిగి వచ్చేలా కనిపించకపోతే ఆగు.

డెమోకి మళ్ళీ పిలిస్తే వాళ్ళ నమూనా డేటా చూడకు, నీ చిక్కులు ఇవ్వు. ప్లేటింగ్‌కి 100 పంపితే 92 బాగా వచ్చాయి, 5 మళ్ళీ వెళ్ళాలి, 3 లేవు. ఎక్కించి చూపించమను. బిల్లులో 463 కిలోలు, కాటాలో 458. మధ్యలో డ్రాయింగు రివిజన్ మారింది, సగం లాటు పాతది. కిలోల్లో కొని ముక్కల్లో వాడటం. ఇవి స్క్రీను మీద నడిపించకుండా ‘కస్టమైజ్ చేస్తాం’ అంటే, ఎంతకి, ఎన్ని రోజుల్లో అన్నది కాగితం మీద రాయించుకో. మానేసిన రోజున మన డేటా మొత్తం ఎక్సెల్లో తీసుకోవచ్చా అనీ, సూపర్‌వైజరుకీ స్టోర్ కీపరుకీ విడిగా యూజర్ డబ్బులు కట్టాలా అనీ అడుగు.

తీసుకోవడమే ఖాయమైతే ఏప్రిల్ 1న మొదలుపెట్టకు. ఎకౌంట్లవాళ్ళు ఇయర్ ఎండింగులో మునిగి ఉంటారు. ఆర్డర్లు తక్కువుండే నెలలో స్టాకు, కొనుగోళ్ళతో మొదలుపెట్టు. అది మూడు నెలలు కుదురుకున్నాక జాబ్ వర్కు, ప్రొడక్షను. ఎకౌంట్లు చివర, అప్పటిదాకా టాలీ అలాగే ఉండనీ. వారమంతా కాగితం మీద రాసి శనివారం సాయంత్రం ఒకేసారి ఎక్కించే అలవాటు పడిందంటే ఈఆర్పీ పని అయిపోయినట్టే. నెగటివ్ స్టాకు ఒప్పుకునే సెట్టింగు ఆపేయించు. ఎంట్రీ లేని సరుకుకి చలాను రాదు కాబట్టి మొదట్లో రాత్రిపూట గేటు దగ్గర లారీ ఆగి గొడవవుతుంది, అయినా ఓర్చుకో. ఎంట్రీ ఎక్కడ తప్పిపోయిందో ఆ రాత్రే తెలుస్తుంది. వదిలేస్తే నెలాఖరుకి ఎవరికీ అంతుపట్టదు.

ఆర్డరు వెంట నడిచిన కాగితం, యాభై ఐటమ్‌ల లెక్క, పది బీఓఎంలు, ఈ మూడూ తీసుకుని దీపావళికి వచ్చేటప్పుడు పట్టుకురా. కూర్చుని చూద్దాం. అప్పటిదాకా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకు.

ఇట్లు,
మీ మావయ్య