చేతి తడి పీల్చని గుడ్డ టేబుల్ మీద ఎందుకు?

కాబోయే వియ్యాలవారు మొదటిసారి భోజనానికి వస్తున్నారు, డైనింగ్ టేబుల్‌ని గుడ్డ నాప్‌కిన్లు, టేబుల్ క్లాత్ వేసి అందంగా సర్దాలి, ఏ రంగు సెట్టు కొనాలి అని అడిగారు. రంగు సంగతి చివర్న చెబుతాను. ముందు మీరు కొనాలనుకుంటున్న నాప్‌కిన్‌ని తడి చేత్తో ఒకసారి పట్టుకుని చూడండి. చెయ్యి ఆరిందా, తెచ్చుకోండి. ఆరలేదా, అది ఎంత మెరిసినా ఇంట్లోకి రానివ్వకండి. నేనిది ఒక పెద్దమనిషి పంచె పాడుచేసి నేర్చుకున్నాను.

మాది విజయనగరం. ఎనిమిదేళ్ళ కిందట మా పెద్దాడికి సంబంధం ఖాయమయ్యాక, ఆమదాలవలస వైపు నుంచి వియ్యాలవారిని సిరిమాను పండక్కి పిలిచాం. పైడితల్లి అమ్మవారి సిరిమాను, అంటే పూజారిని పొడవాటి మాను చివర కూర్చోబెట్టి ఊరేగించే పండగ, విజయదశమి వెళ్ళాక వచ్చే మంగళవారం జరుగుతుంది. ముందురోజు తొలేళ్ళు. ఆ రెండు రోజులూ ఊళ్ళో ఏ ఇంట చూసినా చుట్టాలే, ఏ మేడ మీద చూసినా జనమే. మధ్యాహ్నం సిరిమాను మూడు లాంతర్ల దగ్గర గుడి నుంచి కోట వైపు కదులుతుంది కాబట్టి భోజనాలు పెందలాడే ముగించాలి. ఆ తొందరలో ఏ చిన్న పొరపాటు జరిగినా సర్దుకోవడానికి టైముండదు.

కొత్త చుట్టాలు కదా అని నేను ఆన్‌లైన్‌లో మెరూన్ రంగు శాటిన్ నాప్‌కిన్లు 12, దానికి జోడీగా టేబుల్ మధ్యలో పొడవుగా పరిచే జరీ అంచు రన్నర్ తెప్పించాను. మా అమ్మాయి వీడియో చూసి వాటిని తామరపువ్వుల్లా మడిచి స్టీలు గ్లాసుల్లో నిలబెట్టింది. చూడ్డానికి టేబుల్ పెళ్ళిపందిరిలా ఉంది, కాదనను. తీరా అందరూ కూర్చున్నాక, నీళ్ళు పొయ్యడానికి ఒక్క గ్లాసు ఖాళీ లేదు. పువ్వు తీసి ఎక్కడ పెట్టాలో ఎవరికీ తెలియలేదు. అన్నయ్యగారు, అంటే మా వియ్యంకులు, దాన్ని మర్యాదగా ఒళ్ళో పెట్టుకుంటే శాటిన్ కదా, జారి కిందపడింది. తీసి మళ్ళీ పెట్టుకున్నారు, మళ్ళీ పడింది. మూడోసారి వంగలేదు. వదినగారైతే అసలు ముట్టుకోనేలేదు. పాడైపోతుందేమో అని భయపడ్డానని ఆవిడ పెళ్ళయ్యాక నాతో చెప్పారు. ఇంటికొచ్చినవాళ్ళు ముట్టుకోడానికి భయపడే వస్తువు టేబుల్ మీద పెట్టడం మర్యాద ఎలా అవుతుంది?

కందా బచ్చలి అయింది, పులిహోర అయింది, దప్పళం పట్టుకొచ్చాను. ఒంగుని వడ్డిస్తుంటే నా మోచెయ్యి ఇంకా తియ్యని ఒక పువ్వు గ్లాసుకి తగిలింది. గ్లాసు పడింది, చెయ్యి అదిరింది, గరిటెడు దప్పళం టేబుల్ మీద పడింది. చేతికి దొరికిన శాటిన్ గుడ్డ తీసి అద్దాను. పులుసు గుడ్డలోకి ఎక్కదే! గుడ్డ ఎటు జరిపితే దాని ముందు అటు పరుగెత్తింది. రెండోసారి గట్టిగా లాగితే టేబుల్ అంచు దాటి సరాసరి అన్నయ్యగారి తొడ మీదకి జారిపోయింది. ఆయన కట్టుకున్నది పొందూరు పంచె, మా పక్క శ్రీకాకుళం జిల్లా ఊళ్ళో చేత్తో వడికి నేసే ఖద్దరు. తెల్లగా, సన్నగా, మడత నలగకుండా, ఆ రోజు కోసమే తీసి కట్టుకున్నది.

అంతటితో ఆగినా బాగుండేది. నేను కంగారులో సబ్బు తెచ్చి తడిచేసి మరక మీద రుద్దాను. పసుపుపచ్చగా ఉన్న మరక కళ్ళముందే ఎర్రబారింది. తెల్ల పంచె మీద అరచెయ్యంత కుంకుమరంగు. నాకు నోట మాట రాలేదు. వెనక నుంచి మా అత్తగారు కేకేశారు.

"ఓలమ్మీ, సబ్బెట్టకే! పసుపులో సున్నం కలిపితే పారాణి అయిపోదా? ఇదీ అంతే. వొట్టి నీళ్ళతో జాడించి ఎండలో ఎయ్యి, సూరీడే తీసుకుపోతాడు."

అత్తగారు చదువుకోలేదు. కానీ ఆవిడ చెప్పినది అక్షరాలా రసాయనశాస్త్రం. పసుపుకి క్షారం తగిలితే ఎర్రబడుతుంది. సున్నమైనా, సబ్బైనా, బట్టల సోడా అయినా ఒకటే. నిమ్మరసం పిండితే మళ్ళీ పసుపుకి తిరుగుతుంది. ఆ పసుపు రంగు ఎండకి నిలవదు. తడిపి ఆరేస్తూ ఉంటే రోజురోజుకీ వెలిసిపోతుంది. ఆ పంచె మా మేడ మీద మూడు రోజులు ఆరింది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి నీళ్ళు చల్లాను. నాలుగోనాటికి మరక ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. గంజి పెట్టి, ఇస్త్రీ చేయించి మావారి చేత పంపించాను. ఆ రోజు మాత్రం అన్నయ్యగారు మావారి పంచె కట్టుకుని సిరిమాను చూశారు. "ఫర్లేదు చెల్లెమ్మా, మీ ఇంటి పంచె పెట్టేశారు, ఇంక చుట్టరికం ఖాయం" అన్నారు. ఆయన మంచితనం అది.

నేను చెప్పాలనుకున్నది దాని తర్వాత జరిగింది. భోజనాలయ్యాక అందరూ పంపు దగ్గర చేతులు కడుక్కుంటుంటే అత్తగారు బీరువాలోంచి మా మావగారి పాత పంచె ముక్కలు తెచ్చి తలా ఒకటి ఇచ్చారు. ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి మెత్తబడిపోయిన గుడ్డ. అన్నయ్యగారు చెయ్యి తుడుచుకుని ముక్కని వెంటనే ఇవ్వలేదు. బొటనవేలూ చూపుడువేలూ మధ్య రాసి చూసి, "ఇదీ పొందూరే" అన్నారు. వాళ్ళమ్మగారు పత్తి దువ్వేవారట, వాలుగ చేప దవడతో. ఆ దవడకున్న సన్నటి పళ్ళతో దువ్వితే గింజకి పట్టుకున్న పత్తిలోని చెత్త, నలుసు అంతా పోయి పోగు సాఫీగా తేలుతుంది. ఇప్పటికీ పొందూరులో కొండపత్తికి ఆ పని అలాగే చేస్తారు. తర్వాత ఏకడం, ఏకులు చుట్టడం, రాట్నం మీద వడకడం అన్నీ చేత్తోనే. గాంధీగారు ఆ నూలు నాణ్యం విని కొడుకు దేవదాస్ గాంధీని చూసి రమ్మని పొందూరు పంపించారని మా వైపు అందరూ చెప్పుకుంటారు. అన్నయ్యగారు అదంతా చెబుతుంటే పిల్లలు సిరిమాను మాట మరిచిపోయి చేప దవడ గురించే అడిగారు. ఆ పూట మా టేబుల్ మీద ఖరీదైన గుడ్డలు 12 ఉన్నాయి. వాటి గురించి ఎవరూ ఒక్క మాట అడగలేదు.

అప్పుడు నాకు అర్థమైంది. మనం తినేది చేత్తో. ఫోర్కుతో తినేవాళ్ళకి నాప్‌కిన్ పెదవులు అద్దుకోడానికి, ఒడి మీద పరుచుకోడానికి. మనకి దాని అసలు పని చెయ్యి కడుక్కున్నాకే మొదలవుతుంది. నీళ్ళు కారుతున్న చేతిని అది రెండు తుడుపుల్లో ఆరబెట్టాలి. పాలిస్టరు శాటిన్ ఆ పని ఎన్ని ఉతుకులు ఉతికినా చెయ్యదు. నూలుగుడ్డ కొత్తలో గంజి వల్ల కాస్త మొరాయిస్తుంది గానీ రెండు ఉతుకులయ్యాక దారికొస్తుంది. అందుకే నాప్‌కిన్‌కి గంజి పెట్టొద్దు, బట్టలు మెత్తబడ్డానికని అమ్మే ఆ సువాసన నీళ్ళలో కూడా ముంచొద్దు. అది పోగుకి పూతలా పట్టి నీటిని పీల్చనివ్వదు. గంజి టేబుల్ క్లాత్‌కి పెట్టుకోండి, నిగనిగలాడుతుంది.

ఇక్కడే టిష్యూ కాగితాల మాట కూడా. ఫంక్షన్ హాళ్ళలో తడి చెయ్యి తుడవగానే అది పేలికలై వేళ్ళ సందుల్లో అతుక్కుంటుంది. పెద్దవాళ్ళు గోళ్ళతో ఆ ముక్కలు గీక్కుంటూ నిలబడితే నాకు కడుపులో దేవినట్టుంటుంది. ఇంకొకటి, టేబుల్ క్లాత్ మీద పరిచే మందపాటి పారదర్శక ప్లాస్టిక్ షీటు. మరక పడకూడదని వేస్తారు. దాని కింద గుడ్డ మగ్గి వాసన వేస్తుంది, వేడి గిన్నె పెడితే షీటు ఉబ్బుతుంది, మోచేతులు చెమటకి అంటుకుంటాయి. చుట్టాలొచ్చిన రోజైనా దాన్ని తీసి చుట్ట చుట్టి మంచం కింద పెట్టండి. మరక పడితే ఎలా అంటారా, పైన చెప్పానుగా.

సిరిమాను అయిన నెలకి నేను పొందూరు వెళ్ళాను. విజయనగరం నుంచి పాసింజరులో నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి దాటితే ఇంకెంతోసేపు పట్టదు. సన్నం పంచెల గుడ్డ నాప్‌కిన్లకి వద్దు, ధరా ఎక్కువ, నలిగితే ముద్దైపోతుంది. కౌంటు అంటే నూలు సన్నదనం చెప్పే అంకె, అది పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది కాబట్టి తక్కువ కౌంటు దళసరి ఖద్దరు అడగండి. నేను 36 అంగుళాల పన్నా గుడ్డ 3 మీటర్లు తీసుకున్నాను. 18 అంగుళాల చదరం చొప్పున మీటరుకి 4, మొత్తం 12 వచ్చాయి. కత్తిరించే ముందే ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి ఆరేశాను. అలా చెయ్యకపోతే కుట్టాక కుదించుకుపోయి మూలలు వంకరపోతాయి. ఉతికి, అంచు రెండు మడతలు కుట్టేసరికి 16 అంగుళాలు మిగిలింది, మన చేతికి అది హాయిగా సరిపోతుంది. ఖాదీ దుకాణాల్లో ఇలా కుట్టి పెట్టినవి నాకు దొరకలేదు. అంతా పంచెలు, చొక్కా గుడ్డలు, చీరలే. వడికేవాళ్ళలో ఇప్పుడు ఎక్కువమంది పెద్దవయసు ఆడవాళ్ళు. నాలుగు ఇళ్ళవాళ్ళం నాలుగు డజన్లు నాప్‌కిన్లు అడిగితే వాళ్ళకీ పని పెరుగుతుంది కదా. బూటకపు మెరుపు గుడ్డకి పోసే డబ్బు అటు పొయ్యొచ్చు.

టేబుల్ క్లాత్‌కి కొత్త గుడ్డ కొనక్కర్లేదు. ఇంట్లో 8 మూరల పాత పంచె ఉంటే సగానికి కత్తిరించండి, రెండు వస్తాయి. మా టేబుల్ 5 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు. చుట్టూ 6 అంగుళాలు వేలాడితే చాలు, ఎక్కువైతే కూర్చునేవాళ్ళ ఒళ్ళో చిక్కుకుని గిన్నెల్ని లాగుతుంది. పంచె పలచన కాబట్టి కింద ఒక పాత దుప్పటి పరవండి. స్టీలు కంచాలు పెట్టినప్పుడు టంగుమనదు, మాటలు వినిపిస్తాయి. మధ్యలో రన్నర్ కావాలనిపిస్తే గోనెనార రన్నర్ చిన్నది, కూరల గిన్నెలు పెట్టే చోటు వదిలేసి, పూలచెంబు కింద మాత్రమే వెయ్యండి. నార మీద నూనె పడితే పోదు. నేను బుడితి ఇత్తడి చెంబులో బంతిపూలు పెడతాను. ఎదురుగా కూర్చున్నవాళ్ళ మొహం కనబడేంత పొట్టి చెంబే పెట్టండి, వియ్యాలవారు కదా, మొహాలు చూసుకోడానికే వచ్చేది.

నాప్‌కిన్‌ని పువ్వులూ కొంగలూ చెయ్యకండి. మడత పెట్టేవాళ్ళ చేతులు గుడ్డ నిండా పారాడతాయి, విప్పితే వంద ముడతలు. పొడవుగా మూడు మడతలు వేసి కంచానికి ఎడమపక్కన ఉంచండి. కుడిచెయ్యి ఎంగిలి, ఎడమచేత్తోనే అందుకోవాలి. మంచినీళ్ళ గ్లాసు కూడా ఎడమపక్కనే పెట్టండి. చెయ్యి కడుక్కునే చోట విడిగా ఇంకో నాలుగు గుడ్డలు, వాడినవి వెయ్యడానికి ఒక బుట్ట పెట్టండి. ఇది మరిచిపోతే చుట్టాలు తడి గుడ్డ చేత్తో పట్టుకుని మీ వంటింట్లోకి వస్తారు.

ఇంక రంగు. తెలుపు గానీ, నూలు సహజంగా ఉండే మీగడరంగు గానీ తీసుకోండి. తెలుపు మీద పసుపు కనబడుతుందని అందరూ భయపడి ముదురు రంగులకి పోతారు. ముదురు రంగుని నాలుగు రోజులు ఎండలో వేస్తే మరకతోపాటు రంగూ వెలుస్తుంది. తెలుపుని ఎన్ని రోజులైనా ఎండబెట్టుకోవచ్చు. మరీ బోసిగా అనిపిస్తే అంచుకి ఎర్రదారంతో ఒక వరస కుట్టించండి. మా 12లో 11 ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి, ఒకటి మా మనవరాలు బొమ్మకి చీర కట్టేసింది.

మీ టేబుల్ పొడవు, వెడల్పు, ఎంతమంది వస్తున్నారో కింద రాయండి. ఎన్ని మీటర్లు కావాలో లెక్కగట్టి చెబుతాను. వాళ్ళు రావడానికి ఇంకా పది రోజులు టైముంటే రెండుసార్లు ఉతికి సిద్ధం చేసుకోవచ్చు.