దేవుడు ‘క్షమాపణ’ ఇవ్వడమేమిటి?

సందేహం: సండే స్కూల్లో ‘పాపక్షమాపణ’ గురించి చెబుతుంటే ఒక కుర్రాడు లేచి, ‘‘క్షమాపణ తప్పు చేసినవాడు గదా టీచర్ చెప్పేది? దేవుడు మనకివ్వడమేంటి, ఆయన సారీ చెబుతాడా?’’ అన్నాడు. పిల్లలంతా ఒకటే నవ్వు. అక్కడ ‘క్షమ’ అని ఉండాలా? మా పాస్టరుగారు ‘క్షమార్పణ’ అంటారు, అది ఒప్పేనా? కృప, దయ ఒకటేనా?
– ఒక సండే స్కూల్ టీచర్, తెనాలి

సమాధానం: కుర్రాడు గట్టివాడే. సంస్కృతంలో క్షమాపణ అంటే వాడనుకున్నదే, మన్నించమని వేడుకోవడం. ఎదుటివారు క్షమించేలా చేసుకోవడమని ఆ మాట కట్టుబడిలోనే ఉంది. నిలిచేలా చేయడం స్థాపన, తెలిసేలా చేయడం విజ్ఞాపన. ఇదీ ఆ వరసలోదే. శంకరాచార్యుల పేరిట ప్రచారంలో ఉన్న ‘శివాపరాధ క్షమాపణ స్తోత్రం’లో వేడుకునేది భక్తుడు.

తెలుగులో మాత్రం ఈ మాట రెండు వైపులా నడుస్తోంది. ఎటు నడిచేదీ పక్కనున్న క్రియ చెబుతుంది. ‘క్షమాపణ చెప్పాడు, కోరాడు’ అంటే వేడుకోలు. ‘క్షమాపణ పొందాడు, కలిగింది, దొరికింది’ అంటే మన్నింపు. తెలుగు బైబిల్లో ‘పాపక్షమాపణ’ వచ్చినచోట్ల క్రియలు చూడండి. హెబ్రీ పత్రికలో ‘రక్తము చిందింపకుండ పాపక్షమాపణ కలుగదు’ అని ఉంది. అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయంలో ‘మారుమనస్సును పాపక్షమాపణను దయచేయుటకై’ అని ఉంది. కలగడం, దయచేయడం అన్నాక అది సారీ ఎలా అవుతుంది? చెప్పేవాడూ పొందేవాడూ ఇద్దరూ తప్పు చేసినవాళ్లే గాబట్టి పిల్లాడు తికమకపడ్డాడు. ‘దేవుడు క్షమాపణ ఇచ్చాడు’ అనడం తప్పేం కాదు గానీ, పిల్లలకు ‘దేవుడు క్షమించాడు, మనం క్షమాపణ పొందాం’ అని చెబితే తకరారు ఉండదు.

‘క్షమ’ అని మారుద్దామా అంటే, వద్దు. క్షమ అంటే మొదట ఓర్పు. ఎంత తవ్వినా, తొక్కినా ఓర్చుకుంటుందనే భూమికి ఆ పేరు పెట్టారు. ‘పాపక్షమ’ అంటే పాపాన్ని ఓర్చుకోవడమనే అర్థం వచ్చిపడుతుంది. క్రైస్తవ విశ్వాసం చెప్పేది అది కాదు. కొత్త నిబంధన గ్రీకు మూలంలో క్షమాపణకున్న మాట ‘అఫెసిస్’, అంటే వదిలిపెట్టడం. లూకా 4వ అధ్యాయంలో ‘చెరలోనున్న వారికి విడుదల’ అన్నచోట మూలంలో ఉన్నదీ ఆ మాటే. చెరనుంచి వదిలినా, బాకీ వదిలేసినా అఫెసిసే.

బాకీ సంగతి వచ్చింది గనుక కాస్త ఆగాలి. ప్రభువు ప్రార్థనలో మత్తయి పాఠం ‘మా ఋణములు క్షమించుము’. కథోలికులు ‘మా అప్పులను మీరు మన్నించండి’ అంటారు. (ప్రొటెస్టెంట్లు దేవుణ్ని ‘నీవు’ అంటే కథోలికులు ‘మీరు’ అనడం నాకెప్పుడూ ముచ్చటగా ఉంటుంది.) మత్తయి 18వ అధ్యాయంలోని కథలో యజమానికి పదివేల తలాంతులు ‘అచ్చియున్న’ దాసుడు వస్తాడు. అచ్చియుండడమంటే బాకీపడి ఉండడం. ఈ క్రియ ఇవాళ బైబిలు చదివేవాళ్ల నోట తప్ప వినపడదు. తలాంతుకు 6,000 దేనారాలు, దేనారం ఒక రోజు కూలి. అంటే అతని బాకీ 6 కోట్ల రోజుల కూలి! జన్మలో తీరేది కాదు. ‘కొంచెం గడువివ్వండి, మొత్తం తీర్చేస్తా’నని అతను కాళ్లమీద పడతాడు. యజమాని గడువివ్వలేదు, వాయిదాలు పెట్టలేదు, ‘వాని అప్పు క్షమించెను’. మనమైతే ‘మాఫీ చేశాడు’ అంటాం. రెండు రాష్ట్రాల రైతులకూ బాగా తెలిసిన మాట. దాని పుట్టుకలోని అర్థమూ మన్నించడమే. తర్వాత ఆ దాసుడు బయటికెళ్లి, తనకు 100 దేనారాలు బాకీ ఉన్న తోటివాడి గొంతు పట్టుకుంటాడు. కథకు అసలు దెబ్బ అక్కడుంది. మీ కుర్రాడికి నిఘంటువు కంటే ఈ కథ బాగా ఎక్కుతుంది.

కృప, దయ విషయానికొస్తే, నిఘంటువులో రెండూ పర్యాయపదాలే. వాడుకలో దారులు వేరయ్యాయి. ‘దయచేసి చెప్పులు బయట విడవండి’ అని బోర్డు పెడతాం, చుట్టాలొస్తే ‘దయచేయండి’ అంటాం. అంతలా చేతులు మారి దయ అరిగింది. కృపకు ఆ గతి పట్టలేదు. అందుకే క్రైస్తవ తెలుగులో అది పారిభాషిక పదంగా నిలిచింది: అర్హత చూడకుండా దేవుడు చూపే అనుగ్రహం. ‘అది కృపచేతనైన యెడల ఇకను క్రియల మూలమైనది కాదు, కానియెడల కృప ఇకను కృప కాకపోవును’ అని రోమా పత్రిక 11వ అధ్యాయంలో పౌలు కరాఖండిగా తేల్చేశాడు. ఇక్కడ కృప బదులు దయ పెట్టి చదివి చూడండి, పట్టు సడలిపోతుంది. అదే పత్రిక 3వ అధ్యాయంలో ‘కృపచేతనే’ అన్న మాట వెంట ‘ఉచితముగా’ వస్తుంది. సంస్కృతంలో ఉచితమంటే తగినది, తెలుగులో ఊరికే వచ్చేది. తగనివాడికి ఉచితంగా దొరకడం మన భాషలో సాధ్యం!

అయితే కృప అన్న మాట అందరిదీ కాదు. గ్రీకు మూలంలో కృపకున్న మాట ‘ఖారిస్’. దానికి కథోలికులు ‘వరప్రసాదం’ అంటారు. ‘దేవ వరప్రసాదముచేత నిండిన మరియమ్మా, వందనము’ అన్న జపం మీరూ వినే ఉంటారు. ఆ పలకరింపునే ప్రొటెస్టెంట్ల బైబిలు ‘దయాప్రాప్తురాలా’ అంది. కృప అనలేదు, చిత్రం! రెండింటికీ మూలంలో ఉన్నది ఖారిస్ నుంచి పుట్టిన మాటే. నా ఓటు వరప్రసాదానికే, ఆ ‘నిండిన’తో కలిసి నోటికి ఎంత బాగుంది!

ఇక ‘క్షమార్పణ’. జనం క్షమకు అర్పణ తగిలించి అల్లుకున్న మాట ఇది. విడదీస్తే క్షమను అర్పించడం. తప్పు చేసినవాడు వచ్చి ‘క్షమార్పణ చెబుతున్నా’ అంటే, ‘పోనీ, నిన్ను క్షమించేశాను’ అని ఎదుటివాడికి చెప్పినట్టు! తమాషా ఏమిటంటే, దేవుడి పట్ల వాడితే మాత్రం అర్థం సరిగ్గా సరిపోతుంది. అయినా రాతలో ‘క్షమాపణ’ అనే ఉంచండి, ‘పాపక్షమాపణ’ను కలిపి ఒకే మాటగా రాయండి. పాస్టరుగారికి ఈ సంగతి ఎలా చెప్పాలో నన్నడగకండి, అది మీరూ మీరూ చూసుకోండి.