గింజల క్యాప్సూల్స్‌కు డబ్బు పెట్టే ముందు

ప్రశ్న: విదేశానికి వచ్చి నాలుగు నెలలైంది. వంటకు తీరిక లేదు, ఎప్పుడూ నీరసంగా ఉంటోంది. అవిసె నూనె క్యాప్సూల్స్, చియా గింజలు వాడమని చెబుతున్నారు. వాడవచ్చునా?

జవాబు: మీ ఉత్తరం చదువుతుంటే, 22 ఏళ్ల క్రిందట ఒక్క సూట్‌కేసుతో దిగిన నేనే గుర్తుకు వచ్చాను. మీకైతే అడిగితే చెప్పేవారున్నారు. మేము డబ్బు పోగొట్టుకునే నేర్చుకున్నాము.

నాకూ నీరసమే. తోటి ఉద్యోగి మాట విని, మొదటి జీతంలోనే అవిసె నూనె క్యాప్సూల్స్ సీసా కొన్నాను. దాని మీద పెద్ద అంకెలలో 3000 మిల్లీగ్రాములని ఉన్నది. ఆరు నెలల తరువాత ఒక రాత్రి జమాఖర్చులు వ్రాసుకుంటూ సీసాను వెనుకకు త్రిప్పి చూస్తే, ఆ లెక్క మూడు క్యాప్సూల్స్‌కు కలిపి చెప్పినదని, నేనేమో రోజుకు ఒక్కటే మింగుతున్నానని తెలిసింది. పైగా అది మొత్తం నూనె బరువు. అందులో మనకు కావలసిన ఒమేగా-3 కొవ్వు సుమారు సగమే. అవిసె పొడి ఒక పెద్ద చెంచాడు, అంటే ఏడు గ్రాములు తీసుకుంటే, ఆ కొవ్వు దాదాపు 1.6 గ్రాములు వస్తుంది. మూడు క్యాప్సూల్స్ చేసే పనిని అతి చవకగా ఒక చెంచాడు పొడి చేస్తుందన్నమాట, క్యాప్సూల్‌లో లేని పీచు, మాంసకృత్తులు దానికి అదనం.

ఈ లెక్క నేనే కనిపెట్టానన్న గర్వంతో, టోకున కొంటే కలిసివస్తుందని ఐదు కిలోల అవిసె గింజలు తెచ్చి, పొడి చేయకుండానే చెంచాలతో మింగాను. పైపొర గట్టిది కావడంతో నమలని గింజ చాలావరకు అరగకుండానే బయటకు పోతుందని తెలిసి, ఈసారి ఉన్న గింజలన్నీ ఒకేసారి పొడి కొట్టాను. కొన్ని వారాలకు డబ్బా మూత తీస్తే రంగుల డబ్బా తెరిచినట్లు గుప్పున వాసన వచ్చింది. గాలి తగిలిన కొద్దీ ఆ కొవ్వు ముక్కిపోతుంది. సగానికి పైగా చెత్తబుట్టలో పోసిన ఆ రోజును నేటికీ మరువలేదు. వారానికి సరిపడా మాత్రమే పొడి చేసి, గాలి చొరని సీసాలో ఫ్రిజ్‌లో ఉంచండి.

చియా సంగతి క్లుప్తంగా చెబుతాను. ఆ గింజలు తమ బరువుకు దాదాపు పదింతల నీటిని పీల్చుకుంటాయి కనుక, నానబెట్టకుండా తినకండి. నేను పొడిగా తిని, మలబద్ధకంతో వైద్యుని దగ్గరకు వెళ్లి, గింజల ఖరీదుకు ఎన్నో రెట్లు ఫీజు చెల్లించాను.

అయితే ఆ ఫీజు ఒక్కటి మాత్రం వృథా కాలేదు. ఆయన వ్రాసిన రక్తపరీక్షలో విటమిన్ బి12 బాగా తక్కువగా ఉన్నట్లు తేలింది. నేను శాకాహారిని, సీసాలకు పెట్టిన డబ్బును ఎక్కడో మిగుల్చుకోవాలని పాలు, పెరుగు కూడా మానివేశాను. అవిసెలోగాని, చియాలోగాని, గుమ్మడి గింజలలోగాని బి12 ఉండదు. ఎన్ని సీసాలు ఖాళీ చేసినా ఆ నీరసం తగ్గేది కాదు. కనుక మీరు ముందుగా రక్తపరీక్ష చేయించుకోండి. భోజనం మానుకొని క్యాప్సూల్స్ కొనడం నష్టం మీద నష్టం.

రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే వైద్యుని అడగనిదే వీటిని మొదలుపెట్టవద్దు. సామానులో గింజలు తెచ్చుకోవడంపై ఏ దేశం నిబంధనలు ఆ దేశానివి, కస్టమ్స్ వెబ్‌సైట్‌లో చూసుకోగలరు.

ఇంకొక మాట: నెలనెలా దానంతటదే ఇంటికి వచ్చే ఆర్డరు పెట్టి ఉంటే, ఈ రాత్రే రద్దు చేసుకోండి. నేను వాడడం మానిన తరువాత కూడా ఏడు నెలలు కడుతూ పోయాను.