విదేశీ సెమిస్టర్ ముగిసింది, ఇక్కడి సెమిస్టర్ ఆగలేదు

ప్రశ్న: నేను హైదరాబాద్ శివార్లలోని ఒక అటానమస్ కాలేజీలో బీటెక్ మెకానికల్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఐదో సెమిస్టర్‌ను ఎక్స్‌ఛేంజ్ ప్రోగ్రాం మీద జర్మనీలో చేసి, మార్చి రెండో వారంలో తిరిగి వచ్చాను. ఇక్కడ ఆరో సెమిస్టర్ క్లాసులు జనవరి ఆఖర్లోనే మొదలయ్యాయి. ఇంకో రెండు వారాల్లో ఫస్ట్ మిడ్ ఉంది. ల్యాబ్ రికార్డులు ఒక్కటీ రాయలేదు. ఉదయం ఏడుంపావుకు కాలేజీ బస్సెక్కితే ఇంటికొచ్చేసరికి సాయంత్రం ఆరవుతుంది. ఆదివారం కూడా ప్లేస్‌మెంట్ ట్రైనింగే. అక్కడ అన్నీ సొంతంగా చూసుకున్న నేను ఇక్కడ దేనికీ పనికిరానిదాన్ని అయిపోయాననిపిస్తోంది. పాత స్నేహితులతో మాటలు కలవడం లేదు. ఇంట్లో ‘అంత ఖర్చు పెట్టి పంపాం, ఇప్పుడు డల్‌గా ఉంటే ఎలా’ అంటున్నారు. మళ్ళీ గాడిలో పడాలంటే ఏం చేయాలి మేడమ్?

జవాబు: అమ్మా, నీ ఉత్తరంలో ఎక్కువ భాగం నీ మనసు గురించే రాశావు. దాని దగ్గరికి తప్పకుండా వస్తాను. కానీ నువ్వు ఒక్క వాక్యంలో దాటేసిన విషయం నన్ను ఎక్కువ కంగారు పెట్టింది. క్లాసులు జనవరి ఆఖర్లో మొదలయ్యాయి, నువ్వు చేరింది మార్చి రెండో వారంలో. అంటే దాదాపు 6 వారాలు పోయాయి. సెమిస్టర్‌లో క్లాసులు జరిగేది సుమారు 16 వారాలు. ఈ రోజు నుంచి ఒక్క పీరియడ్ కూడా మానకుండా కూర్చున్నా నీ హాజరు 62.5 శాతం దగ్గరే ఆగిపోతుంది. మన కాలేజీల్లో సాధారణంగా 75 శాతం ఉండాలి. 65 దాటితే, అదీ తగిన కారణం చూపిస్తే, ఫీజు కట్టించుకుని కాండొనేషన్ ఇస్తారు, అంటే తక్కువైన హాజరును మన్నిస్తారు. 65 కన్నా తగ్గితే డిటెయిన్ చేస్తారు. నువ్వు ఎంత కష్టపడినా ఈ లెక్క మారదు. కాగితం ఒక్కటే దీన్ని మారుస్తుంది.

కాబట్టి ఈ వారం నీ మొదటి పని చదువు కూడా కాదు. నిన్ను ఎక్స్‌ఛేంజ్‌కు ఎంపిక చేస్తూ మీ కాలేజీ ఇచ్చిన ఉత్తర్వు కాపీ తీసుకో. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు మా దగ్గర చదివింది అని అక్కడి యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసు ముద్ర వేసి ఇచ్చే ధ్రువపత్రం నీ దగ్గర లేకపోతే ఈ రోజే మెయిల్ పెట్టి తెప్పించుకో. అక్కడ శీతాకాలపు సెమిస్టర్ అక్టోబరులో మొదలై అధికారికంగా మార్చి 31 దాకా నడుస్తుంది. ఫిబ్రవరి, మార్చిలో పరీక్షలు ఉంటాయి. నీ చివరి పరీక్ష తేదీ కనిపించేలా టైంటేబుల్ కూడా జతచెయ్యి. ఇవన్నీ పెట్టి, ఆ 6 వారాలను ఆన్ డ్యూటీగా, అంటే హాజరైనట్టుగా, లెక్కించమని హెచ్‌ఓడీ ద్వారా ప్రిన్సిపాల్‌కు అర్జీ ఇవ్వు. ‘చూద్దాంలేమ్మా’ అన్న నోటిమాటతో వెనక్కి రావద్దు. ఇన్‌వర్డ్ నంబరు వేయించుకుని, ఉత్తర్వు కాపీ చేతికొచ్చేదాకా వారానికోసారి వెళ్ళి అడుగు. సెమిస్టర్ చివర్లో డిటెయిన్ అయినవాళ్ళ లిస్టు గోడకెక్కాక ఎవరికి చెప్పుకున్నా పని జరగడం చాలా కష్టం.

రెండోది క్రెడిట్లు. అక్కడ నువ్వు పాసైన సబ్జెక్టులు మన మార్కుల షీటు మీదకు వాటంతటవే రావు. ఐరోపా లెక్క వేరు. సెమిస్టర్‌కు 30 ఈసీటీఎస్ క్రెడిట్లు ఉంటాయి, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల పని అని అంచనా. మన దగ్గర వారానికి ఒక గంట లెక్చరుకు ఒక క్రెడిట్ కాబట్టి సెమిస్టర్‌కు దాదాపు 20 వస్తాయి. ఏ సబ్జెక్టుకు బదులు ఏ సబ్జెక్టు అని వెళ్ళేముందు సంతకాలు చేసుకున్న లర్నింగ్ అగ్రిమెంట్ ఉండే ఉంటుంది. దాన్నీ అక్కడి సిలబస్ పేజీలనూ పక్కపక్కన పెట్టి చూపించు.

గ్రేడ్ల దగ్గర ఇంకా జాగ్రత్త. జర్మనీలో 1.0 అత్యుత్తమం, 4.0 పాస్, 5.0 ఫెయిల్. ఆ పద్ధతి తెలియని గుమాస్తా 1.7 చూసి పదికి 1.7 అనుకుంటే అది అతని తప్పు కాదు. మార్కులు మార్చడానికి జర్మన్లే వాడే సూత్రం ఒకటి ఉంది, సవరించిన బవేరియన్ ఫార్ములా అంటారు. మన దగ్గర గరిష్ఠం 10, పాస్ 5 అనుకుని దాన్ని తిరగేసి లెక్క వేస్తే 1.7 అంటే 8.8, 2.3 అంటే 7.8 దాకా వస్తుంది. మీ కాలేజీ దీన్నే పాటించాలని రూలు లేదు గానీ, పరీక్షల విభాగం వాళ్ళ ముందు ఒక ఆధారం పెట్టినట్టు ఉంటుంది. ట్రాన్స్‌క్రిప్ట్ ఇంకా రాకపోతే, అక్కడి స్టూడెంట్ పోర్టల్‌లోంచి ఇప్పటిదాకా వచ్చిన గ్రేడ్ల షీటు డౌన్‌లోడ్ చేసి ముందు అది ఇవ్వు. అక్కడి ప్రొఫెసర్లు పేపర్లు దిద్దడానికి వారాలు తీసుకుంటారు. ఆ కాగితం వచ్చాకే కదులుదాం అని కూర్చుంటే ఎండాకాలం వచ్చేస్తుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, జూన్, జులైలో ప్లేస్‌మెంట్ రిజిస్ట్రేషన్లు మొదలవుతాయి. చాలా కంపెనీలు యాక్టివ్ బ్యాక్‌లాగ్, అంటే ఇంకా పాసవ్వని సబ్జెక్టు, ఉండకూడదు అంటాయి. నీ ఐదో సెమిస్టర్ గడులు ఖాళీగా ఉంటే, ఎందుకు ఖాళీగా ఉన్నాయో ప్లేస్‌మెంట్ పోర్టల్ అడగదు, బ్యాక్‌లాగ్ కింద లెక్కేస్తుంది. అక్కడ సరిపోలే కోర్సు దొరకని సబ్జెక్టు ఒకటో రెండో మిగిలితే, వాటిని స్వయం, ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ కోర్సులతో పూర్తిచేయవచ్చా అని ఇప్పుడే అడుగు. సెమిస్టర్ సబ్జెక్టుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా చేయనివ్వవచ్చని యూజీసీ 2021 నిబంధనల్లో ఉంది. అనుమతించాల్సింది మాత్రం మీ అకడమిక్ కౌన్సిలే.

ఇప్పుడు ‘పనికిరానిదాన్ని’ అన్న మాట దగ్గరికి వద్దాం. ఆ మాట నేను ఒప్పుకోను. అక్కడ నీకు వారానికి కొన్ని లెక్చర్లు, కొన్ని లెక్కల క్లాసులు ఉండేవి. చాలా లెక్చర్లకు హాజరు తీసుకోరు. చివర్లో ఒకే పరీక్ష. ఎప్పుడు చదవాలో, ఎప్పుడు లైబ్రరీకి వెళ్ళాలో నువ్వే తేల్చుకున్నావు. ఇక్కడ రోజుకు ఆరేడు పీరియడ్లు, రెండు మిడ్లు, అసైన్‌మెంట్లు, రికార్డు సంతకాలు, వైవా. నీ రోజును వేరేవాళ్ళు గీసి చేతికిస్తారు. ఆ పద్ధతికి అలవాటు పడిన మెదడును నెల తిరక్కుండా ఈ పద్ధతిలోకి మార్చమంటే ఎవరైనా తడబడతారు. విదేశంలో చదివి వచ్చినవాళ్ళు సొంతూళ్ళో రెండోసారి ఇబ్బంది పడతారని జాన్ గుల్లాహార్న్, జీన్ గుల్లాహార్న్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు 1963లోనే రాశారు. వెళ్ళినప్పుడు ఒక దిగుడు, వచ్చాక ఇంకో దిగుడు. వెళ్ళేటప్పుడు ఇబ్బంది ఉంటుందని అందరూ ముందే చెబుతారు. వచ్చాక ఉండేదాని గురించి ఎవరూ చెప్పరు కాబట్టి, లోపం మనలోనే ఉందనుకుంటాం.

మిడ్ సంగతి చెప్తాను. యూనిట్ 1 నుంచి వరసగా మొదలుపెట్టకు. రేపు క్లాసులో నడుస్తున్న యూనిట్‌తో మొదలుపెట్టు. అప్పుడే రోజంతా బెంచీ మీద కూర్చోవడం వృథా కాకుండా ఉంటుంది. వదిలేసిన యూనిట్లను సాయంత్రాలు, ఆదివారం మధ్యాహ్నం వెనక్కి వెళ్ళి చూసుకో. హీట్ ట్రాన్స్‌ఫర్ లాంటి సబ్జెక్టులో నీకు లెక్కలు బాగా వచ్చే ఉంటాయి, జర్మనీలో ఎక్కువగా చేయించేది అవే. ఇక్కడ పది మార్కుల ప్రశ్నలో మొదటి సగం డెరివేషన్, పటం. ఫిన్‌కు (వేడిని బయటికి వదిలే రెక్కకు) ఉష్ణోగ్రత సమీకరణం రాబట్టమంటే అసంప్షన్లతో మొదలుపెట్టి, పటం గీసి, మెట్టు మెట్టుగా రాయాలి. ఆ చేతి అలవాటు ఆరు నెలలుగా పోయింది. కాబట్టి చదవడం కన్నా రాయడం ఎక్కువ చెయ్యి. పాత ప్రశ్నపత్రాల్లోంచి రోజుకు రెండు జవాబులు గడియారం పెట్టుకుని రాయి. ఈ మిడ్‌లో 30కి 30 తెచ్చుకోవాలన్న పంతం వద్దు. ఇంటర్నల్స్ గట్టెక్కే మార్కులు తెచ్చుకుని, రెండో మిడ్‌కు బలం దాచుకో.

ల్యాబ్‌ల విషయంలో ప్రొఫెసర్ కన్నా ముందు ల్యాబ్ అసిస్టెంట్‌ను కలువు. ఏ రోజు ఏ సెక్షన్ బ్యాచ్ వస్తుందో, ఏ మెషీన్ ఖాళీగా ఉంటుందో ఆయనకే తెలుసు. ‘సార్, వేరే బ్యాచ్‌తో కలిసి మిగిలిన ప్రయోగాలు చేస్తాను’ అని మర్యాదగా అడిగితే కాదనేవాళ్ళు తక్కువ. స్నేహితురాలి రికార్డు చూసి రీడింగులు కాపీ చేయడం సులువే. వైవాలో దొరికిపోయేది కూడా అక్కడే. బస్సులో మాత్రం చదవాలని ప్రయత్నించకు. నిద్రపో. నీకిప్పుడు నిద్ర కూడా అవసరమే.

స్నేహితుల గురించి. నువ్వు లేని ఆరు నెలల్లో వాళ్ళు కలిసి ప్రాజెక్టు టీములు కట్టుకున్నారు, ఫెస్టు చేశారు, వాళ్ళలో వాళ్ళు పోట్లాడుకుని కలిసిపోయారు. వాటిలో నీకు చోటు లేకపోవడం నీమీద కోపం కాదు. ప్రతి మాటకూ ‘అక్కడైతే’ అని మొదలుపెట్టే అలవాటు వచ్చిందేమో ఒకసారి గమనించుకో, వినేవాళ్ళకు అది తమను తక్కువ చేసినట్టు తగులుతుంది. నీ కథలు ఒకరిద్దరికి తీరిగ్గా చెప్పు. మిగతావాళ్ళను ‘నేను లేనప్పుడు ఏం జరిగింది’ అని అడుగు. పోయిన క్లాసుల నోట్సు అడగడమే మాటలు మళ్ళీ కలవడానికి మంచి దారి. మెయిన్ ప్రాజెక్టు టీములు ఎప్పుడు కడతారో తెలుసుకుని ఆలోగా ఎవరితో చేస్తావో తేల్చుకో. ఆ ఒక్కటీ వాయిదా వేస్తే మిగిలినవాళ్ళతో సర్దుకోవాల్సి వస్తుంది.

అమ్మానాన్నలకు ఈ పేజీ చూపించు. అయ్యా, అమ్మా, మీ అమ్మాయి అక్కడ అద్దె కట్టింది, వంట చేసుకుంది, పరాయి భాషలో ఆఫీసుల చుట్టూ తిరిగింది. ఇంటికి రాగానే ‘ఎక్కడికి, ఎవరితో, ఎప్పుడొస్తావ్’ అని గుమ్మం దగ్గర అడిగితే ఆమెకు ఊపిరాడదు. మీ భయం నాకు అర్థమవుతుంది. అందుకే పూర్తిగా వదిలేయమనడం లేదు. నెల ఖర్చు డబ్బు ఆమె చేతికిచ్చి లెక్క ఆమెనే చూసుకోనివ్వండి. ఖర్చు పెట్టాం అన్న మాట మాత్రం ఈ రెండు నెలలు ఎత్తకండి. ఆ పెట్టుబడి ఫలితం ఈ మార్చిలో, ఏప్రిల్‌లో కనిపించేది కాదు.

ఆ ఫలితం ముందుగా కనిపించేది ఇంటర్వ్యూలో. రెజ్యూమెలో ‘జర్మనీలో ఒక సెమిస్టర్’ అని ఒక్క లైను రాస్తే దానికి బరువుండదు. అక్కడ గ్రూపు ప్రాజెక్టులో నువ్వు విడిగా ఏం చేశావో రాయి. ఏ సాఫ్ట్‌వేర్ వాడావు, ఏ విలువలు కొలిచావు, ఎక్కడ తప్పు తేలింది, ఎలా సరిదిద్దారు అన్నవి రాయాలి. ఇవి ఇప్పుడే, జ్ఞాపకం పచ్చిగా ఉన్నప్పుడే రెండు పేజీలు రాసిపెట్టుకో. ఆగస్టుకల్లా సగం మర్చిపోతావు. ఇంటర్వ్యూలో తప్పకుండా ‘మళ్ళీ విదేశాలకు వెళ్ళిపోతారా’ అని అడుగుతారు. ఉద్యోగంలో చేర్చుకున్నాక ఏడాదికే వెళ్ళిపోతావేమోనని వాళ్ళ అనుమానం. అబద్ధం చెప్పకు. ముందు కొన్నేళ్ళు పని నేర్చుకోవాలనుకుంటే ఆ మాటే చెప్పు. ఇంకా తేల్చుకోకపోతే, ఇప్పుడు నా దృష్టి ఈ పని మీద ఉంది అని చెప్పు చాలు.

జర్మనీ వైపు పనులు పూర్తిచేసి వచ్చావా? ఇల్లు ఖాళీ చేసినప్పుడు అక్కడి రిజిస్ట్రేషన్ ఆఫీసులో చిరునామా రద్దు చేయించుకోవాలి. వెళ్ళిపోయిన రెండు వారాల్లోపు అది చేయాలి. చేయకపోతే ఈరోజే ఆ ఊరి ఆఫీసుకు మెయిల్ పెట్టు. ఆ రద్దు కాగితం లేకపోతే ఇంటికి నెలకు 18.36 యూరోల చొప్పున వసూలు చేసే రేడియో, టీవీ రుసుము నీ పేరున పెరుగుతూనే ఉంటుంది. హెల్త్ ఇన్సూరెన్సు కంపెనీకి కూడా చదువు ముగిసిందని రాయి. హాస్టల్ డిపాజిట్ వెనక్కి వచ్చేదాకా అక్కడి బ్యాంకు ఖాతా మూయకు.

మాస్టర్స్‌కు మళ్ళీ వెళ్ళాలా అన్న ప్రశ్న నీ ఉత్తరంలో లేదు గానీ వరసల మధ్య కనిపించింది. దాన్ని ఈ సెమిస్టర్ పరీక్షలయ్యేదాకా పక్కన పెట్టు. అలసిపోయి ఉన్నప్పుడు, ఇక్కడినుంచి తప్పించుకోవడానికి తీసుకునే నిర్ణయం మంచిది కాదు. ఎండాకాలం సెలవుల్లో తీరిగ్గా ఆలోచించి, అప్పటికీ వెళ్ళాలనే ఉంటే, డిగ్రీ చదువుకు జర్మనీ వెళ్ళే మన విద్యార్థులకు 2022 నవంబరు నుంచి, మన చదువు పత్రాలు అసలైనవేనని ధ్రువీకరించే ఏపీఎస్ సర్టిఫికెట్ తప్పనిసరి అని గుర్తుంచుకుని, దానికి నెలల ముందే దరఖాస్తు పెట్టుకో. అక్కడ నేర్చుకున్న జర్మన్‌ను మాత్రం ఇప్పటినుంచే తుప్పు పట్టనివ్వకు. రోజుకు ఇరవై నిమిషాలు వార్తలు విను, అక్కడి స్నేహితురాలికి వారానికొక ఉత్తరం జర్మన్‌లోనే రాయి. హైదరాబాద్ గోథే సెంట్రుమ్‌లో జర్మన్ భాష మధ్యస్థాయి పరీక్ష బీ1 రాయవచ్చు. చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం అని నాలుగు భాగాలుంటాయి, వాటిని విడివిడిగా కూడా రాసుకోవచ్చు. ఒక్కో భాగంలో 100కు 60 వస్తే పాస్. సెమిస్టర్ పరీక్షలు అయిన వెంటనే తేదీలు చూసి, నీకు బాగా వచ్చిన భాగంతో మొదలుపెట్టు.