గ్రేడు సంగతి తర్వాత, ముందు దూరం కొలువు

చి. సుధకు,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన ఫొటోలూ, వెల్డరు రాసిచ్చిన ఎస్టిమేటూ చూశాను. కింది గదిని రీడింగ్ రూమ్ చెయ్యడం మంచి పని, దాని గురించి ఎక్కువ చెప్పను. అటక ఊగకుండా ఉండాలంటే హై స్ట్రెంగ్త్ ఇనుము వాడాలనీ, కిలోకి కొంచెం ఎక్కువ పడుతుందనీ వెల్డరు అన్నాడని రాశావు. ఆ ఎక్కువ డబ్బు ఇవ్వకు. అతను మోసం చేస్తున్నాడని కాదు. ఈ పనిలో తలపండినవాళ్ళు కూడా చాలామంది అలాగే అనుకుంటారు.

ఏ వస్తువు గురించైనా రెండు సంగతులు విడివిడిగా అడిగి తెలుసుకోవాలి. ఎంత బరువు పెడితే విరుగుతుంది, లేదా మళ్ళీ తిన్నగా కాకుండా వంకర తిరిగిపోతుంది? అది బలం. రోజూ మోసే మామూలు బరువుకే ఎంత వంగుతుంది? అది స్టిఫ్‌నెస్. మామూలు మైల్డ్ స్టీలు చదరపు మిల్లీమీటరుకు 250 న్యూటన్ల దగ్గర లొంగిపోతుంది. పై గ్రేడులు 350, 450 దాకా ఓర్చుకుంటాయి. కానీ స్టిఫ్‌నెస్‌ను చెప్పే అంకె, అంటే యంగ్ గుణకం, అన్నిటికీ ఒకటే, చదరపు మిల్లీమీటరుకు సుమారు 2 లక్షల న్యూటన్లు. ఉక్కు కట్టడాలకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 800 కోడ్ కూడా గ్రేడుతో పని లేకుండా అదే అంకె వాడమంటుంది. ఇనుములో పరమాణువుకీ పరమాణువుకీ మధ్య ఉన్న పట్టు నుంచి వచ్చేది స్టిఫ్‌నెస్. కాస్త కార్బన్ కలిపినా, కాల్చి చల్లార్చినా ఆ పట్టు పెద్దగా మారదు. మారేదల్లా పరమాణువుల వరసలు ఒకదాని మీద ఒకటి జారడానికి ఎంత మొరాయిస్తాయన్నదే, అది బలం ఖాతాలో పడుతుంది. కాబట్టి నీ అటక పైపులు ఏ గ్రేడువైనా, అదే సైజైతే అంతే వంగుతాయి, అంతే ఊగుతాయి. ఇందులో ఇంకో ప్రమాదం కూడా ఉంది. "గట్టి ఇనుము కదా, సైజు తగ్గిద్దాం" అంటారు. బలానికి సరిపోతుంది, ఊపు మాత్రం పెరుగుతుంది. పైకెక్కిన పిల్లలు భయపడి దిగిపోతారు.

డబ్బు పెట్టాల్సింది ఆకారం మీద. అతను రాసింది 50 బై 50 స్క్వేర్ పైపు, 2 మిల్లీమీటర్ల మందం. చాలదంటే గేజ్, అంటే రేకు మందం, పెంచి 4 మిల్లీమీటర్లది వేస్తానన్నాడు. లెక్క చూడు. అలా చేస్తే బరువు దాదాపు రెండింతలవుతుంది, స్టిఫ్‌నెస్ మాత్రం ఒకటీ ముప్పావు రెట్లే అవుతుంది. అదే 2 మిల్లీమీటర్ల మందంలో 75 బై 75 పైపు తీసుకుంటే ఒకటిన్నర రెట్ల బరువుతోనే స్టిఫ్‌నెస్ మూడున్నర రెట్లవుతుంది. ఇనుముకు కిలో లెక్కన డబ్బు కడతావు కాబట్టి ఏది లాభమో నీకే తెలుస్తుంది. అలాగని పైపు పెద్దది చేసి మందం మరీ పల్చన చెయ్యకూడదు. వెల్డింగ్ దగ్గర చిల్లు పడుతుంది, ఏదైనా తగిలితే సొట్ట పోతుంది. 2 మిల్లీమీటర్లకు తగ్గొద్దు.

100 బై 50 పైపు దొరికితే ఇంకా మంచిది, కానీ నువ్వు దగ్గరుండి చూడాలి. నిలువుగా, అంటే 100 పైకి వచ్చేలా పెట్టించు. పడుకోబెట్టి వెల్డింగ్ చేశాడంటే స్టిఫ్‌నెస్ మూడో వంతుకి పడిపోతుంది. అదే పైపు, అదే డబ్బు! పడుకోబెడితే అతుకు సులువు, అటక కింద తల తగలదు, అందుకే వాళ్ళకు అలా పెట్టాలనిపిస్తుంది. ఫ్లాట్ పట్టీ అయితే తేడా ఇంకా ఘోరం. 50 బై 10 పట్టీని పడుకోబెడితే వంగేదానికీ నిలబెడితే వంగేదానికీ 25 రెట్ల తేడా. మన పాత పెంకుటింట్లో దూలాన్ని వెడల్పు కంటే లోతు ఎక్కువ ఉండేలా నిలబెట్టింది ఇందుకే. ఆ వడ్రంగి ఏ కోడూ చదవలేదు.

ఆకారం కంటే ముందు చూడాల్సింది దూరం. పొడవునా సమానంగా బరువున్న దూలం ఎంత వంగుతుందన్నది పొడవు నాలుగో ఘాతంతో పెరుగుతుంది. ఆధారాల మధ్య దూరం 3 అడుగుల నుంచి 4 అడుగులైతే వంపు మూడు రెట్లు దాటుతుంది. రెట్టింపైతే 16 రెట్లు. కాబట్టి అటక పైపులు గది పొడవు వైపు కాదు, వెడల్పు వైపు వెయ్యాలి. గది మధ్యలో ఒక స్తంభం వేస్తే అడ్డమని నువ్వు అన్నావు. దాని చుట్టూ ఒక గుండ్రటి బల్ల కట్టించు, పిల్లలు దాని చుట్టూనే కూర్చుంటారు. ఆ ఒక్క స్తంభం చేసే మేలు ఏ గ్రేడు ఇనుమూ చెయ్యదు.

ఇక పుస్తకాల అరలు. నాకు ఎక్కువ భయం వీటి గురించే. పుస్తకాలు నిండిన అర మీటరుకు 30 కిలోల దాకా మోస్తుంది. నీ డ్రాయింగులో 4 అడుగుల అర, 18 మిల్లీమీటర్ల పార్టికల్ బోర్డు (చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసిన పలక) అని ఉంది. లెక్క కడితే పెట్టిన రోజే మధ్యలో 20 మిల్లీమీటర్లకు పైగా దిగుతుంది. అక్కడితో ఆగదు. చెక్క జాతి సరుకంతా బరువు కింద నెలల తరబడి నెమ్మదిగా జారుతూనే ఉంటుంది, పార్టికల్ బోర్డు అందులో ముందు వరసలో ఉంటుంది. ఇనుముకు మన గది వేడిలో ఆ జబ్బు లేదు. అదే బోర్డును 2 అడుగులకొక నిలువు పలకతో ఆపితే దిగేది ఒకటిన్నర మిల్లీమీటరు, కంటికి ఆనదు. ప్లైవుడ్ అయితే పార్టికల్ బోర్డుకు రెండింతలకు పైగా స్టిఫ్‌గా ఉంటుంది, టేకు ఇంకా నయం. అయినా నేను ముందు దూరం తగ్గించి, ఆ తర్వాతే సరుకు మార్చమంటాను.

3 అడుగుల కంటే తగ్గించడం కుదరని చోట అర ముందు అంచు కింద టేకు పట్టీ ఒకటి నిలువుగా జిగురూ స్క్రూలూ పెట్టి బిగించమను. 2 అంగుళాల లోతు చాలు. అడుగు వెడల్పున్న పలక మొత్తానికి ఎంత స్టిఫ్‌నెస్ ఉందో, ఆ సన్నపాటి పట్టీ ఒక్కదానికే అంతకంటే ఎక్కువ ఉంటుంది. వెనక అంచును గోడకు కొట్టిన పట్టీ మీద ఆనించు. వడ్రంగి "ముందు పట్టీ ఉంటే అందం పోతుంది మేడమ్" అంటాడు. ఏడాది తిరిగేసరికి ఉయ్యాలలా జారిన అర అందం అతను చూడడానికి రాడుగా.

నా మాట మీద నమ్మకం లేకపోతే, లేకపోవడమే మంచిది, నువ్వే పరీక్ష పెట్టు. పలకను రెండు ఇటుకల మీద, రేపు అది ఉండబోయే దూరంలోనే పెట్టు. ముందు అంచు రెండు కొసల్లో గుండుసూదులు గుచ్చి దారం బిగించు, దారం వెంబడే పెన్సిలుతో ఒక గీత గియ్యి. ఇప్పుడు పుస్తకాలు పేర్చు. దారం తిన్నగానే ఉంటుంది, గీత కిందికి దిగుతుంది. మధ్యలో రెంటికీ ఎంత ఎడం ఉందో స్టీలు స్కేలుతో కొలిచి రాసుకో. రాత్రంతా అలాగే వదిలేసి పొద్దున మళ్ళీ కొలువు. తర్వాత పుస్తకాలు తీసేసి గీత దారం దగ్గరికి తిరిగొచ్చిందో లేదో చూడు. మొదటి కొలతలో తెలిసేది స్టిఫ్‌నెస్. రాత్రికి రాత్రి పెరిగిందీ, తీసేశాక మిగిలిపోయిందీ ముందుముందు నీకు రాబోయే తలనొప్పి. వడ్రంగి ముందే ఇది చెయ్యి, మారుమాట్లాడడు.

బీరువా మొత్తం పక్కకు ఊగడం వేరే రోగం. దానికి పలకల మందం పెంచితే ఏమీ కాదు. నాలుగు మూలల చట్రం ఎంత లావు కర్రతో చేసినా పక్కకు తోస్తే వాలుతుంది. వెనక పల్చటి ప్లై షీటు కొట్టు, లేదా ఇనుప ర్యాకైతే మూల నుంచి మూలకు ఎక్స్ ఆకారంలో పట్టీలు వేయించు. చిటికెలో బిగుసుకుపోతుంది.

మెట్ల పక్క గూట్లో నాపరాయి అరలు పెట్టించుకోమని మీ అమ్మ చెప్పిందట. పెట్టుకో, చూడడానికి అవి వంగవు. చెక్కకు ఎన్నో రెట్లు స్టిఫ్. కానీ బరువు పడ్డప్పుడు పలక కింది వైపు సాగదీసినట్టవుతుంది, రాయి ఆ లాగుడుకు ఆగదు, ముందు చెప్పి మరీ విరగదు. రెండున్నర అడుగుల లోపే ఉంచు, దాని మీద ఎవరినీ ఎక్కనివ్వకు. గాజు బల్ల సంగతీ ఇంతే. గాజూ అల్యూమినియమూ స్టిఫ్‌నెస్‌లో దాదాపు సమానం, రెండూ ఇనుములో మూడో వంతు. అల్యూమినియం ఎక్కువ బరువైతే వంగి ఊరుకుంటుంది, గాజు పగులుతుంది. వంగడమే కావలసిన చోట్లూ ఉన్నాయి. కావడి బద్ద వెదురుది కాకుండా ఇనుప పైపైతే మోసేవాడి భుజం ఒక్కరోజులో పుండవుతుంది.

పైన గది స్లాబు వచ్చే నెల వేస్తున్నామని తమ్ముడు ఫోన్లో చెప్పాడు. అది నీ పని కాకపోయినా నాన్నకు ఈ ముక్క వినిపించు. ఎఫ్‌ఈ 500 బదులు ఎఫ్‌ఈ 550 చువ్వలు (ఆ అంకె చువ్వ బలం గ్రేడు) వేస్తే స్లాబు వంగదని మేస్త్రి చెబితే తల ఊపొద్దను. పైన చెప్పిన కారణమే. కాంక్రీటు మాత్రం గ్రేడుతో కొంచెం మారుతుంది, కానీ కొంచెమే. కాంక్రీటు పనికి ఉన్న కోడ్ ఐఎస్ 456 సూత్రం ప్రకారం ఎం20 గ్రేడు కాంక్రీటు నుంచి ఎం25కు పోతే బలం 25 శాతం పెరుగుతుంది, స్టిఫ్‌నెస్ 12 శాతమే. స్లాబు లోతు, అంటే మందం, తగ్గించకుండా చూసుకోవడం మేలు. బాల్కనీ దగ్గర మరీ జాగ్రత్త. రెండు వైపులా ఆనిన దాని కంటే ఒక్క వైపే పట్టున్నది అదే పొడవుకు, అదే బరువుకు తొమ్మిదిన్నర రెట్లు దిగుతుంది. అందుకే కోడ్ రెండు వైపులా ఆనినదానికి పొడవులో 20వ వంతు లోతుతో మొదలుపెట్టమంటే, బాల్కనీకి 7వ వంతు అంటుంది.

సెంట్రింగ్ విప్పడానికి తొందరపడొద్దు. స్లాబు నాలుగున్నర మీటర్ల లోపైతే ప్రాప్స్, అంటే కింద ఆనించిన కర్రలు, 7 రోజులు ఉంచాలి, దాటితే 14 రోజులు. బీములకు 6 మీటర్ల లోపు 14 రోజులు, ఆపైన 21. సర్వీ కర్రలు ఇంకో సైటుకు కావాలని మేస్త్రి ముందే అడుగుతాడు. లేత కాంక్రీటు విరగకపోయినా దాని మీద అప్పుడే బరువు పడితే ఎక్కువ వంగుతుంది, ఆ వంపు తర్వాత ఏళ్ళ తరబడి పెరుగుతుంది కూడా. ఆ తర్వాత దాని కింద గోడ కడితే పగుళ్ళు గోడకొస్తాయి, తిట్లు గోడ కట్టినవాడికి.

గది లోపలి కొలతలు, అటక ఎత్తు, గోడ మందం టేపుతో కొలిచి నాకు పంపు. పైపు ఎన్ని అడుగులకొకటి పడాలో నేను లెక్క కట్టి ఇస్తాను. అప్పటిదాకా వెల్డరుకు అడ్వాన్సు ఇవ్వకు. పైపు కొనేటప్పుడు కొట్టువాడి మాట కాకుండా కోసిన కొస దగ్గర మందం వెర్నియర్‌తో (మిల్లీమీటరులో వంతులు కూడా కొలిచే స్కేలు) కొలిపించు, 2 అని చెప్పి 1.6 ఇస్తారు.

ఇట్లు,
పెదనాన్న