సాలీడు దగ్గరే కూర్చో

చిరంజీవి బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన వీడియో చూశాను. తుమ్మెద అన్నావు గానీ, అది సాలీళ్లను వేటాడే కందిరీగ. రెక్కలు విదిలిస్తూ, మీసాలు ఆడిస్తూ నేలమీద అలా పరుగులు పెడుతుంటేనే పోల్చుకోవచ్చు. వేటంతా ఆడదానిదే. మగది పూలమీద తేనె తాగి తిరుగుతుంది, దానికి కొండి కూడా ఉండదు.

అది సాలీణ్ణి కుట్టి పడేసి ఎగిరిపోగానే వెంట పరుగెత్తావు చూడు, అక్కడే పొరపాటు పడ్డావు. సాలీడు దగ్గరే కూర్చోవాలి. వీటిలో చాలా రకాలు కుట్టి పడేశాక దాన్ని వదిలి, గూటికి చోటు చూసుకోవడానికి వెళ్తాయి. కొన్ని చీమలకు అందకుండా గడ్డిపోచ మీదకి ఎక్కించి మరీ వెళ్తాయి. తిరిగి వస్తాయి, కంగారుపడకు.

సాలీణ్ణి మాత్రం ముట్టుకోకు. ఒకసారి నేను సరిగా కనబడటం లేదని పుల్లతో జానెడు ఎండలోకి జరిపాను. కందిరీగ వచ్చి పాత చోటు చుట్టూ గింగిరాలు కొడుతుంటే, చీమలు సాలీణ్ణి చుట్టేశాయి. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

సాలీడు చచ్చిందనుకుంటున్నావేమో, లేదు. పక్షవాతం వచ్చినట్టు పడి ఉంటుంది, అందుకే కుళ్లదు. ఒక్కో పిల్లకి తిండిగా ఒక్కటే సాలీడు, దాని పొట్టమీద ఒక్కటే గుడ్డు. ఆ పిల్ల పెరగడానికి సరిపోయేంత పెద్దది కావాలి కదా! అంత బరువుతో ఎగరలేక వెనక్కి నడుస్తూ ఈడ్చుకుపోతుంది. మట్టితో చిట్టి గదులు కట్టే రకమైతే కాళ్లు కొరికేసి మోత తగ్గించుకుంటుంది. మా తాత భ్రమరకీటక న్యాయం చెప్పేవాడు, తుమ్మెదనే తలుచుకుంటూ పురుగు కూడా తుమ్మెద అయిపోతుందని. నేనొక మట్టిగూడు విప్పి చూశాక ఆ మాట మీద నమ్మకం పోయింది. లోపలిది తుమ్మెద కావడం లేదమ్మా, తిండి అవుతోంది.

నీ జోలికి రాదు, గుంపుగా బతికేది కాదు. చేత్తో పట్టుకుంటే మాత్రం కుడుతుంది. అమెరికాలో జస్టిన్ స్మిట్ అనే ఆయన కీటకాల కాటుకి నొప్పి మార్కులు వేశాడు. టరాంటులాలనే పెద్ద సాలీళ్లను పట్టే దీని పెద్ద బంధువుకి 4కి 4 పడ్డాయి.

గూటికి బొరియ తవ్వే రకం దొరికితే చివరిదాకా ఉండు. గుంత పూడ్చాక పొట్ట కొసతో, దిమ్మిసతో కొట్టినట్టు మట్టిని గట్టి చేస్తుంది. అది వీడియో తీసి మీ నాన్న ఫోన్‌లో ఉంచు, వచ్చినప్పుడు చూస్తాను. నా ఫోన్ నిండిపోయింది.

మీ తాతయ్య