చైనాలో సైన్యం ఎవరి మాట వింటుంది? గేటు దగ్గర షూషూ చెప్పిన జవాబు

మీ ప్రశ్న: "చైనాలో అసలు అధికారం ఎవరిది? దేశాధ్యక్షుడిదా, పార్టీదా, సైన్యానిదా? సెంట్రల్ మిలిటరీ కమిషన్ గురించి అంతగా ఎందుకు మాట్లాడుకుంటారు?"

నేను రాజకీయ శాస్త్రం చదివినవాణ్ని కాదు, డాక్టర్ని. 2009 నుంచి 2015 వరకు ఎంబీబీఎస్ కోసం చైనాలోని నాన్‌చాంగ్‌లో ఉన్నాను. మనవాళ్లు ఆ ఊరి పేరు పెద్దగా విని ఉండరు గానీ, చైనా సైన్యం పుట్టింది అక్కడే. 1927 ఆగస్టు 1న కమ్యూనిస్టులు తిరుగుబాటు చేసిన ఊరు అది. చైనా సైన్యం జెండా మీద నక్షత్రం పక్కన రెండు చిన్న అక్షరాలు ఉంటాయి, 'బా', 'యీ' అని. ఎనిమిది, ఒకటి. అంటే ఎనిమిదో నెల, ఒకటో తేదీ. నాన్‌చాంగ్‌లో ఎటు తిరిగినా ఆ పేరే: బాయీ స్క్వేర్, బాయీ రోడ్డు, బాయీ బ్రిడ్జి. ఆరేళ్లు ఆ పేర్ల మధ్య తిరిగాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఇది: సైన్యం మొత్తాన్ని నడిపే కమిటీయే సెంట్రల్ మిలిటరీ కమిషన్, దాని ఛైర్మన్ కుర్చీలో ఎవరు ఉన్నారో చూడండి, వాళ్లదే అధికారం. దేశాధ్యక్ష పదవి విదేశాల నుంచి వచ్చేవాళ్లతో చేతులు కలపడానికి.

మాది పాత కరీంనగర్ జిల్లా. చిన్నప్పుడు మా బడి ప్రహరీ గోడ మీద ఎర్ర రంగుతో పెద్ద అక్షరాలు ఉండేవి: 'రాజ్యాధికారం తుపాకీ గొట్టం ద్వారానే వస్తుంది.' పోలీసులు సున్నం కొట్టించేవాళ్లు, కొన్నాళ్లకు మళ్లీ కనిపించేది. మా తరంలో అది చదవకుండా పెరిగినవాళ్లు మా వైపు లేరు. మావో 1938లో ఈ మాట చెప్పిన ప్రసంగంలోనే, ఆ వెంటనే ఇంకో మాట ఉంది: పార్టీయే తుపాకీని నడపాలి, తుపాకీ పార్టీని నడిపే పరిస్థితి ఎప్పటికీ రానివ్వకూడదు అని. ఈ రెండో వాక్యాన్ని మా ఊళ్లో ఏ గోడ మీదా ఎవరూ రాయలేదు. పాతికేళ్లు వచ్చాక, నాన్‌చాంగ్‌లో మా హాస్టల్ గేటు దగ్గర విన్నాను. మీ ప్రశ్నకు జవాబు ఆ రెండో వాక్యంలోనే ఉందని నా నమ్మకం.

గేటు దగ్గర ఎందుకు విన్నానో చెప్పాలి. మమ్మల్ని పంపిన ఏజెంటు చదువంతా ఇంగ్లిష్ మీడియమే అని మా నాన్నకు మాటిచ్చాడు. క్లాసులో పుస్తకం ఇంగ్లిష్‌దే. వార్డులో పేషెంటుకు ఇంగ్లిష్ ఎక్కడిది? కడుపులో ఎక్కడ నొప్పి అని అడగడం రాకుండా డాక్టర్ ఎలా అవుతారు? ఇప్పటికీ పిల్లల్ని విదేశాలకు పంపేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే, ఆ దేశం భాష నేర్చుకోనివ్వండి అని. నేను మాట్లాడటం నేర్చుకున్నది మా హాస్టల్ వాచ్‌మన్ దగ్గర. అందరం ఆయన్ని 'షూషూ' అనేవాళ్లం, అంటే బాబాయ్ అని. రోజూ సాయంత్రం ఆయన గదిలో గంటసేపు కూర్చునేవాణ్ని. ఆయన మాజీ సైనికుడు. 1979లో చైనా వియత్నాం మీదకు వెళ్లినప్పుడు గ్వాంగ్‌షీ సరిహద్దు దాటి వెళ్లినవాళ్లలో ఒకడు.

2012 నవంబర్ 15, గురువారం. పార్టీ 18వ మహాసభ ముగిసిన మర్నాడు. కొత్త నాయకులు బయటికి వచ్చి విలేకరుల ముందు నిలబడే రోజు. పదకొండు గంటలకు రావాల్సినవాళ్లు దాదాపు గంట ఆలస్యం చేశారు. షూషూ గదిలో చిన్న టీవీ, కాళ్ల దగ్గర కరెంటు హీటర్. ఆయన అన్నం గిన్నె తెరిచి పెట్టుకుని కూడా తినలేదు. నాకు అర్థం కాలేదు. షీ జిన్‌పింగ్ వస్తాడని ఎప్పుడో తెలిసిందే కదా, ఈ టెన్షన్ ఎందుకు అని అడిగాను. "వచ్చేవాడి కోసం కాదు చూస్తున్నది, పోయేవాడు ఏం వదిలిపెట్టి పోతాడో చూద్దామని" అన్నాడు.

చివరికి పార్టీ అత్యున్నత కమిటీలోని ఏడుగురూ వరసగా నడిచి వచ్చారు. ప్రధాన కార్యదర్శి షీ జిన్‌పింగ్, మిలిటరీ కమిషన్ ఛైర్మన్ కూడా షీ జిన్‌పింగే అన్న ప్రకటన టీవీలో చదివారు. షూషూ అప్పుడు తొడ మీద చరుచుకుని, "హు జింటావో మొత్తం ఒకేసారి ఇచ్చేశాడు!" అన్నాడు. ఆ తర్వాతే గిన్నె చేతిలోకి తీసుకున్నాడు.

ఆయన ఆత్రం ఎందుకో తింటూ తింటూ చెప్పాడు. పదేళ్ల కిందట, 2002లో, జియాంగ్ జెమిన్ పార్టీ పదవిని హు జింటావోకు ఇచ్చాడు. మరుసటి ఏడు మార్చిలో అధ్యక్ష పదవీ ఇచ్చాడు. మిలిటరీ కమిషన్ మాత్రం 2004 సెప్టెంబర్ దాకా తన దగ్గరే ఉంచుకున్నాడు. అంటే దాదాపు రెండేళ్లు పార్టీకి పెద్ద ఒకరు, సైన్యానికి పెద్ద ఇంకొకరు. "ఆ రెండేళ్లు సైన్యంలో పనిచేసే మా తమ్ముడు ఎవరి ఫొటో ముందు పెట్టాలో తెలియక తికమకపడ్డాడు" అన్నాడు షూషూ. ఫొటోల సంగతి ఎంత నిజమో గానీ, ఆయన మొహంలో ఉన్న ఊరట నిజమైనది. ఇద్దరు పెద్దలున్న ఇల్లు ఎలా ఉంటుందో ఆయనకు బాగా తెలుసు.

మన టీవీ చర్చల్లో, 1980లలో చైనాను నడిపించిన డెంగ్ జియావోపింగ్‌ను 'అప్పటి చైనా అధ్యక్షుడు' అనేస్తుంటారు. నాకు ఒళ్లు మండుతుంది. డెంగ్ ఎన్నడూ దేశాధ్యక్షుడు కాలేదు, ప్రధాని కాలేదు, పార్టీలో అన్నిటికన్నా పెద్ద పదవి కూడా ఎక్కలేదు. 1981లో మిలిటరీ కమిషన్ ఛైర్మన్ అయ్యాడు. 1987లో పార్టీ కేంద్ర కమిటీ నుంచి కూడా తప్పుకున్నాడు, ఆ ఒక్క కుర్చీ తప్ప. అందుకోసం పార్టీ నియమావళినే మార్చారు, పార్టీ అత్యున్నత కమిటీ అయిన పొలిట్‌బ్యూరో స్టాండింగ్ కమిటీలో లేకపోయినా కమిషన్ ఛైర్మన్‌గా ఉండొచ్చని. రెండేళ్లు తిరిగేసరికి దాని విలువ లోకానికి తెలిసింది. 1989లో బీజింగ్‌లో విద్యార్థుల నిరసనలు పెరిగినప్పుడు, ప్రధాన కార్యదర్శి జావో జియాంగ్ మార్షల్ లా (సైనిక పాలన) వద్దన్నాడు. కాగితం మీద పార్టీలో అతడే పెద్ద, కమిషన్‌లో వైస్ ఛైర్మన్ కూడా. అయినా సైన్యం బీజింగ్‌లోకి వచ్చింది, జూన్‌లో జనం మీద కాల్పులు జరిగాయి, జావో పదవి పోయింది. 2005లో చనిపోయేదాకా ఆయన గృహనిర్బంధంలోనే ఉన్నాడు.

ఇదంతా చదివి ఎవరైనా అడుగుతారు, మరి హువా గువోఫెంగ్ మాటేమిటని. మంచి ప్రశ్న. మావో పోయాక 1976లో హువా చేతిలో పార్టీ ఛైర్మన్, మిలిటరీ కమిషన్ ఛైర్మన్, ప్రధాని, మూడు పదవులూ ఉన్నాయి. అయినా నిలబడలేదు. షూషూ యుద్ధానికి వెళ్లిన 1979లో కమిషన్ ఛైర్మన్ హువాయే, డెంగ్ వైస్ ఛైర్మన్. "మమ్మల్ని పంపింది ఎవరని అప్పుడు నన్నడిగితే డెంగ్ అనే చెప్పేవాణ్ని. హువా పేరు మా కంపెనీలో ఎవరి నోటా రాలేదు" అన్నాడు. ఎందుకంటే డెంగ్ అంతర్యుద్ధంలో రెండో ఫీల్డ్ ఆర్మీకి రాజకీయ కమిస్సార్, అంటే సైన్యంలో పార్టీ తరఫు పెద్ద. జనరల్స్‌లో చాలామంది అతడితో కలిసి మంచులో నడిచినవాళ్లు. కుర్చీ ఒక్కటే ఉంటే చాలదు, కుర్చీకి ఎదురుగా కూర్చున్నవాళ్లు ఒప్పుకోవాలి. ఇది నా మొదటి మాటకు విరుద్ధం కాదనే అనుకుంటున్నాను. ఆ కుర్చీ ఎక్కనివాడు ఎవడూ చివరిదాకా నిలవలేదు, ఎక్కినవాళ్లలో మాత్రం ఒకడు పడిపోయాడు.

డెంగ్ పేరు వచ్చింది కాబట్టి చెబుతున్నాను. సాంస్కృతిక విప్లవంలో అతణ్ని పదవుల నుంచి తీసేసి పంపింది నాన్‌చాంగ్ శివార్లకే. 1969 నుంచి 1973 దాకా అక్కడ ట్రాక్టర్ల మరమ్మతు ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా పనిచేశాడు. ఇంటి నుంచి ఫ్యాక్టరీకి రోజూ నడిచిన కాలిబాటను ఇప్పటికీ జాగ్రత్తగా ఉంచారు. ఒక ఆదివారం షూషూ నన్ను అక్కడికి తీసుకెళ్లాడు. చుట్టూ చెట్లు, ఎర్రమట్టి, అచ్చం మా ఊరి చెరువు కట్ట కింది దారిలా ఉంది. తిరిగి పిలిచాక అదే ఏడాది డిసెంబర్‌లో మావో అతణ్ని మిలిటరీ కమిషన్‌లో పెట్టాడు. అదే నెలలో ఎనిమిది మిలిటరీ రీజియన్ల కమాండర్లను ఒకరి చోటుకు మరొకర్ని మార్చేశాడు. మన దగ్గర ఎన్నికల ముందు ఎస్పీలను బదిలీ చేస్తారు కదా, ఆలోచన అదే. ఒకేచోట ఏళ్ల తరబడి ఉన్నవాడు తన మనుషుల్ని తయారు చేసుకుంటాడు.

ఆ బాట మీద నడుస్తూనే షూషూ తన కంపెనీ గురించి చెప్పాడు. కంపెనీ అంటే వందకు పైగా సైనికులుండే దళం. దానికి ఇద్దరు పెద్దలు. ఒకరు 'లియెన్‌జాంగ్', అంటే కమాండర్. రెండోవాడు 'జిదావ్‌యువాన్', పార్టీ తరఫు రాజకీయ బోధకుడు. ఇద్దరిదీ ఒకే స్థాయి. యుద్ధంలో ఎటు కదలాలో కమాండర్ చెబుతాడు. ఎవరికి ప్రమోషన్, ఎవరికి పార్టీ సభ్యత్వం, ఎవరి మీద చర్య అనేది పార్టీ శాఖ సమావేశంలో తేలుతుంది. ఆ సమావేశం బోధకుడి చేతిలో ఉంటుంది. 1927లో శాన్‌వాన్ అనే పల్లెలో మావో కంపెనీ కంపెనీకీ పార్టీ శాఖ పెట్టించాడు. 1929లో గుటియన్ సమావేశంలో దాన్ని పద్ధతిగా ఖాయం చేశారు. షూషూకు పార్టీ సభ్యత్వం వచ్చింది సరిహద్దులోనే, ఫిరంగుల మోత మధ్య. ప్రమాణం చేయించింది బోధకుడు. "కమాండర్ అంటే భయం ఉండేది. బోధకుడి దగ్గర మా ఫైలు ఉండేది" అన్నాడు. సైన్యం తిరగబడకపోవడానికి కారణం నాకు అప్పుడు అర్థమైంది. ఏ కమాండరూ ఒంటరిగా తన దళాన్ని కదిలించలేడు, పక్కన ఎప్పుడూ ఇంకొకడు ఉంటాడు. పై స్థాయిలో అలాంటి అమరికే మిలిటరీ కమిషన్.

పేరుకు రెండు కమిషన్లున్నాయి, పార్టీది ఒకటి, ప్రభుత్వానిది ఒకటి. మనుషులు వాళ్లే. రక్షణ మంత్రిని చూసి మోసపోకండి. 2023లో రక్షణ మంత్రి లీ షాంగ్‌ఫూను తీసేసినప్పుడు, మన రక్షణ మంత్రితో పోల్చి 'చైనా సైన్యాధిపతి మాయం' అని మనవాళ్లు హడావిడి చేశారు. తర్వాత వచ్చిన డాంగ్ జున్‌కు అసలు కమిషన్‌లో చోటే ఇవ్వలేదు. ఇంకొకటి: 2018లో రాజ్యాంగం మార్చి అధ్యక్షుడికి రెండు దఫాల పరిమితి ఎత్తేశారని అందరం మాట్లాడుకున్నాం. కమిషన్ ఛైర్మన్‌కు అలాంటి పరిమితి రాజ్యాంగంలో ముందు నుంచీ లేదు. ఆ తేడా ఎవరూ పట్టించుకోలేదు.

వారసుడెవరో తెలియాలన్నా అక్కడే చూడాలి. 2010 సెప్టెంబర్ చివర్లో ఉత్తర కొరియాలో కిమ్ జోంగ్ ఉన్‌ను పార్టీ మిలిటరీ కమిషన్ వైస్ ఛైర్మన్ చేశారు. మూడు వారాలు తిరగకుండా చైనాలో షీ జిన్‌పింగ్‌ను అదే పేరున్న పదవిలో పెట్టారు. వియత్నాంలో కూడా ఆ కమిషన్ పార్టీ ప్రధాన కార్యదర్శి కిందే. మన తెలుగు పత్రికల్లో 'సెంట్రల్ మిలిటరీ కమిషన్' అన్న మాట ఎక్కువగా మావోయిస్టు పార్టీ వార్తల్లో వచ్చేది. దాని బాధ్యతలు చూసిన శ్రీకాకుళం మనిషి నంబాల కేశవరావు 2018లో ఆ పార్టీ ప్రధాన కార్యదర్శి అయ్యాడు. అడవిలోనూ అదే నమూనా.

2017 జులైలో సైన్యం తొంభయ్యేళ్ల పండగకు జురిహే మైదానంలో పరేడ్ జరిగింది. అప్పటికి నేను ఇంటికి వచ్చేశాను. షూషూ వీచాట్‌లో వీడియో పంపాడు. పరేడ్‌లో సైనికులు ఎప్పుడూ 'షోజాంగ్ హావ్' అని అరుస్తారు, నమస్తే కమాండర్ అన్నట్టు. ఆ రోజు షీ జిన్‌పింగ్‌ను చూసి 'జూషీ హావ్' అన్నారు, నమస్తే ఛైర్మన్ అని. కింద ఆయన రాసింది ఒక్కటే వాక్యం: "పిలుపు మారింది, విన్నావా?"

ఇక నేను నిజంగా చెప్పాలనుకున్నది. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో మన సైనికులు 20 మంది చనిపోయారు. కర్నల్ సంతోష్ బాబు మన సూర్యాపేట బిడ్డ. ఆయన పార్థివదేహం వచ్చిన రోజు మా ఆసుపత్రిలో పేషెంట్లు, నర్సులు, అందరం టీవీ ముందే నిలబడ్డాం. ఆ వారమంతా కొందరు విశ్లేషకులు, అక్కడి చైనా అధికారి ఎవరో కోపంతో సొంతంగా చేసి ఉంటాడు అన్నారు. నేను ఒప్పుకోను. కంపెనీలో ఒక సైనికుడి ప్రమోషన్‌కే సమావేశం పెట్టే సైన్యం అది. 2016 నుంచి థియేటర్ కమాండ్‌లన్నీ, అంటే ప్రాంతాలవారీ సైనిక విభాగాలన్నీ, నేరుగా కమిషన్‌కే జవాబు చెప్పాలి. హిమాలయాల్లో అంత మంది సైనికులు, అన్ని వారాల పాటు, బీజింగ్‌కు తెలియకుండా ముందుకొచ్చారంటే ఆ సైన్యం గురించి మనకేమీ తెలియదనే అర్థం. కాగితం చూపించమంటే నా దగ్గర లేదు. ఆ గేటు దగ్గర ఆరేళ్లు విన్నదే నా ఆధారం.

ఆ రాత్రి షూషూకు మెసేజ్ టైప్ చేశాను, ఆజ్ఞ ఎవరిచ్చి ఉంటారు అని. పంపలేదు, చెరిపేశాను. ఆయన ఫోనుకు అలాంటి ప్రశ్న వెళ్తే ఆయనకేమవుతుందో అని భయం. రెండు వారాలకు మన ప్రభుత్వం 59 యాప్‌లు నిషేధించింది, అందులో వీచాట్ ఉంది. ఆయన ఫోన్ నంబర్ నా దగ్గర వేరే ఎక్కడా రాసి లేదు.